అడగకుండా వచ్చిన మాఫీ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఆదాయపు పన్ను అనేది ఏడాది ముగిశాక తీరిగ్గా లెక్క చూసుకొని ఒకేసారి కట్టేది కాదు. ఆదాయం చేతికి వస్తున్నకొద్దీ, ఆ ఏడాదిలోనే, విడతలుగా కట్టవలసినది. ఉద్యోగుల విషయంలో ఈ పని యజమానే చేస్తాడు. ప్రతి జీతంలోనూ కొంత పట్టుకొని ప్రభుత్వానికి జమ కడతాడు. భారతదేశంలో ఉద్యోగులందరికీ టి.డి.ఎస్. పేరుతో పరిచయమైన పద్ధతి ఇదే. జీతం కాక వేరే ఆదాయం ఉన్నవారు, అంటే సొంత వ్యాపారం చేసేవారు, ఇంటి అద్దెలు వచ్చేవారు, షేర్లు అమ్మి లాభం పొందినవారు, తమకు ఆ ఏడాది ఎంత పన్ను పడుతుందో తామే అంచనా వేసుకొని నాలుగు విడతలుగా కట్టాలి. ఏప్రిల్ 15న మొదటిది, జూన్ 15న రెండవది, సెప్టెంబరు 15న మూడవది, తరువాతి ఏడాది జనవరి 15న చివరిది. ఇలా ముందుగా కట్టే పన్నును అంచనా పన్ను అంటారు. భారతదేశంలోని అడ్వాన్స్ టాక్స్ దీనికి దగ్గరి చుట్టమే.

అంచనా తప్పితే ఏమవుతుంది? గడువులోగా కట్టవలసినంత కట్టకపోతే, అమెరికా పన్నుల శాఖ అయిన ఇంటర్నల్ రెవెన్యూ సర్వీస్, క్లుప్తంగా ఐ.ఆర్.ఎస్., ఆ లోటు మీద జరిమానా వేస్తుంది. ఏడాది ముగిశాక రిటర్ను సకాలంలో దాఖలు చేసి, మిగిలిన పన్నంతా అణా పైసలతో సహా కట్టేసినా ఈ జరిమానా పోదు. పన్ను ఎగవేసినందుకు వేసేది కాదు ఇది. కట్టవలసిన నెలలో కట్టకుండా తరువాతి నెలలలో కట్టినందుకు వేసేది. శ్రోతలు ముందుగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే: పన్ను మొత్తం కట్టినవారికి కూడా ఈ జరిమానా పడవచ్చు.

దీన్ని లెక్కగట్టే తీరు వడ్డీ లెక్కనే పోలి ఉంటుంది. ఎంత లోటు పడింది, ఎన్ని రోజులు పడింది అన్న రెండు ప్రశ్నల మీదనే మొత్తం ఆధారపడుతుంది. కేంద్ర ప్రభుత్వపు స్వల్పకాలిక వడ్డీ రేటుకు మూడు శాతం కలిపి, ఆ రేటును మూడు నెలలకొకసారి ప్రకటిస్తారు. 2018లో ఎక్కువ కాలం అది 5 శాతం ఉండేది. 2024లో 8 శాతం ఉండేది. ప్రభుత్వానికి చెందిన సొమ్ము పన్నుదారు చేతిలో కొన్నాళ్లు ఉండిపోయింది కనుక దానికి ప్రతిఫలం చెల్లించాలన్నది చట్టం దృష్టి. అందువల్లనే ఇక్కడ మన్నింపుకు చోటు బహు తక్కువ. రిటర్ను ఆలస్యంగా దాఖలు చేసినవారు తమకు జబ్బు చేసిందనో, కుటుంబంలో మరణం సంభవించిందనో సహేతుకమైన కారణం చూపి ఆ జరిమానాను రద్దు చేయించుకోవచ్చు. అంతకు ముందు మూడేళ్లు ఏ తప్పూ లేనివారికి మొదటి తప్పు కింద మన్నింపు కూడా దొరుకుతుంది. అంచనా పన్ను జరిమానాకు ఆ మొదటి తప్పు మన్నింపు వర్తించదు. సహేతుకమైన కారణం ఒక్కటే చూపినా సాధారణంగా సరిపోదు. శ్రద్ధగా లెక్క వేసుకున్నానని, మంచి ఉద్దేశంతోనే ఉన్నానని చెప్పుకున్నా ఐ.ఆర్.ఎస్. వినిపించుకోదు.

అయితే చట్టం కొన్ని రక్షణ రేఖలు గీసింది. ఏడాది చివర కట్టవలసిన బాకీ వెయ్యి డాలర్లకు లోపే ఉంటే జరిమానా లేదు. ఆ ఏడాది పన్నులో 90 శాతం గడువుల ప్రకారం ముందే కట్టి ఉంటే లేదు. లేదా కిందటి ఏడాది పడిన పన్ను ఎంతో అంత మొత్తాన్ని ఈ ఏడాది ముందుగా కట్టి ఉన్నా లేదు; కిందటి ఏడాది ఆదాయం లక్షా యాభై వేల డాలర్లు దాటినవారు మాత్రం ఆ ఏడాది పన్నుకు మరో పదో వంతు కలిపి కట్టాలి. వీటిలో శ్రోతలు మనసులో నిలుపుకోవలసిన అంకె ఒక్కటే, 90 శాతం. ఈ ప్రసంగంలో తరువాత వచ్చే కథంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.

జీతగాళ్లకు ఈ బాధ ఉండదని చాలామంది అనుకుంటారు, కాని అమెరికాలోని తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లలో ఇది తరచుగా కనిపించే బాధే. కంపెనీ జీతంతో పాటు షేర్లు ఇస్తుంది. ఆ షేర్లు ఉద్యోగి పేరున జమ అయిన రోజున వాటి విలువ జీతంగానే లెక్కకు వస్తుంది, కంపెనీ అందులో సాధారణంగా 22 శాతం పన్ను కింద పట్టుకుంటుంది. దంపతులిద్దరూ ఉద్యోగస్తులై, ఇద్దరి ఆదాయాలూ కలిసి 32 శాతం శ్లాబుకు చేరితే, ప్రతి వంద డాలర్ల షేర్ల మీద పది డాలర్ల పన్ను ఎవరూ పట్టుకోకుండానే మిగిలిపోతుంది. ఇక రెండవ చిక్కు స్వదేశం నుంచి వస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఎన్.ఆర్.ఇ. ఖాతాలో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి భారతదేశంలో పన్ను లేదు కనుక దాన్ని లెక్కలోకే తీసుకోనివారు ఉంటారు. అమెరికా చట్టం ప్రకారం అక్కడ పన్ను చెల్లించే నివాసికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఆదాయమే. ఆ వడ్డీ మీద అక్కడ ఎవరూ పన్ను పట్టుకోరు. కాబట్టి లోటు పడుతుంది, లోటు వెంట జరిమానా వస్తుంది.

ఆదాయం వస్తున్నకొద్దీ పన్ను కట్టించుకునే ఈ విధానం పుట్టుకలోనే ఒక పెద్ద మాఫీ ఉందన్న సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. 1943 వరకు అమెరికాలో ఒక ఏడాది ఆదాయంపై పన్నును ఆ మరుసటి ఏడాది విడతలుగా కట్టేవారు. రెండవ ప్రపంచ యుద్ధపు ఖర్చుల కోసం పన్నుదారుల సంఖ్యను విపరీతంగా పెంచిన ప్రభుత్వం, సంపాదించినప్పుడే కట్టించుకునే పద్ధతికి మారాలనుకుంది. మారితే ఆ ఒక్క ఏడాది ప్రజలు రెండు పన్నులు కట్టవలసి వస్తుంది: పాత ఏడాదిది, కొత్త ఏడాదిది. న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణ సంస్థకు కోశాధికారిగాను, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు డైరెక్టర్ల బోర్డుకు ఛైర్మనుగాను ఉన్న బియర్డ్స్‌లీ రమ్ల్ అనే ఆయన, పాత ఏడాది పన్నును వదిలేయమని ప్రతిపాదించాడు. అధ్యక్షుడు రూజ్వెల్ట్ అందుకు ఒప్పుకోలేదు. ధనవంతులకే ఎక్కువ లాభమన్నది అభ్యంతరం, అది అన్యాయమైన అభ్యంతరమేమీ కాదు. చివరకు రాజీ కుదిరి, రెండేళ్ల పన్నులలో తక్కువైన దానిలో 75 శాతాన్ని మాఫీ చేస్తూ 1943లో చట్టం వచ్చింది. ఆ ఏడాది జూలై 1 నుంచి జీతాలలో పన్ను పట్టుకోవటం మొదలైంది. అంటే, వ్యవస్థ మారినందువల్ల కలిగిన భారాన్ని ప్రజల నెత్తిన పూర్తిగా పెట్టకూడదన్న సూత్రాన్ని ప్రభుత్వం ఆనాడే అంగీకరించింది. 2018లో ఆ సూత్రం మళ్లీ పరీక్షకు వచ్చింది.

2017 డిసెంబరు 22న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒక పెద్ద పన్ను చట్టంపై సంతకం చేశాడు. అందులో పన్ను రేట్లు తగ్గాయి, అందరికీ సమానంగా ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు రెట్టింపైంది. మరోవైపు కుటుంబంలో ఒక్కొక్కరికీ ఉండే వ్యక్తిగత మినహాయింపు ఎత్తివేశారు. రాష్ట్రానికి, స్థానిక సంస్థలకు కట్టిన పన్నులను ఆదాయం నుంచి తగ్గించి చూపే సౌకర్యాన్ని పది వేల డాలర్లకు కుదించారు. ఇంటి పన్ను భారీగా ఉండే న్యూజెర్సీలోను, రాష్ట్ర ఆదాయపు పన్ను ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలోను ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఈ చివరి మార్పు బాగా తగిలింది. ఇన్ని మార్పులు చేసిన చట్టం, సంతకమైన పది రోజులకే, కొత్త ఏడాదితో అమల్లోకి వచ్చింది.

జీతంలో ఎంత పట్టుకోవాలో యజమానులకు చెప్పే పట్టికలను ఐ.ఆర్.ఎస్. జనవరిలో హడావిడిగా సవరించింది, వాటిని ఫిబ్రవరి 15 లోగా వాడుకలోకి తెమ్మని ఆదేశించింది. ఉద్యోగి తన కుటుంబ వివరాలు రాసి యజమానికి ఇచ్చే డబ్ల్యూ-4 అనే పత్రం మాత్రం పాత మినహాయింపుల లెక్కనే పట్టుకొని ఉంది. ఆ పత్రాన్ని పూర్తిగా మార్చింది 2020లోనే. కొత్త చట్టానికి పాత పత్రం ముడిపడటంతో కొందరి జీతాలలో పట్టుకోవలసినదాని కంటే తక్కువ పట్టుకున్నారు. ప్రతినెలా చేతికి వచ్చే జీతం కాస్త పెరిగింది, జనం సంతోషించారు. ఒకసారి లెక్క సరిచూసుకోమని ఐ.ఆర్.ఎస్. ఏడాది పొడవునా చెబుతూనే వచ్చింది, కాని పెరిగిన జీతాన్ని అనుమానించేవారు ఎక్కడైనా కొద్దిమందే ఉంటారు.

ఈ స్థితిలో 2019 జనవరి 16న ఐ.ఆర్.ఎస్. ఒక ప్రకటన చేసింది. 2018 సంవత్సరానికి మాత్రం 90 శాతం కట్టనక్కరలేదు, 85 శాతం కట్టి ఉంటే చాలు, జరిమానా మాఫీ అన్నది ఆ ప్రకటన సారాంశం. అది చాలదని విమర్శలు రాగా, మార్చి 22న ఆ అంకెను 80 శాతానికి దించింది. శ్రోతలు మరొకసారి గమనించాలి: మామూలుగా 90, జనవరి ప్రకటనతో 85, మార్చి ప్రకటనతో 80.

దీనివల్ల ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. డాలస్ నగరంలోని ఒక ఉద్యోగికి 2018లో పడిన పన్ను పది వేల డాలర్లని, జీతంలో పట్టుకున్నది 8,300 డాలర్లని, కిందటి ఏడాది పన్నుతో పోల్చినా అది సరిపోలేదని అనుకోవచ్చు. 90 శాతం లెక్కన అతడు తొమ్మిది వేలు కట్టి ఉండాలి; జరిమానా పడుతుంది. 85 శాతం లెక్కన 8,500 కట్టి ఉండాలి, అప్పుడూ పడుతుంది. క్రమశిక్షణ గల మనిషి కనుక ఫిబ్రవరిలోనే రిటర్ను దాఖలు చేసి, జరిమానాతో సహా బాకీ తీర్చేస్తాడు. మరుసటి నెల అంకె 80కి దిగుతుంది, అంటే ఎనిమిది వేలు కట్టి ఉంటే చాలు. ఏప్రిల్ దాకా ఆగిన పొరుగింటివాడికి జరిమానా లేదు, ముందుగా కట్టిన ఇతడి జేబులోంచి మాత్రం అది పోయింది. తొందరపడి చట్టాన్ని పాటించినవాడికే నష్టం!

ఇటువంటివారు 843 అనే సంఖ్య గల ఫారం నింపి, తమది 80 శాతం మాఫీ కిందికి వస్తుందని అందులో రాసి, కాగితం మీద పోస్టులో పంపితే కట్టిన జరిమానా తిరిగి ఇస్తామని ఐ.ఆర్.ఎస్. చెప్పింది. మాట బాగానే ఉంది. కాని పైన చెప్పిన ఉద్యోగికి పడే జరిమానా, రోజుల లెక్కన చూస్తే, పాతిక డాలర్లకు మించదు. పాతిక డాలర్ల కోసం ఒక ప్రభుత్వ ఫారం వెతికి, చదివి, అర్థం చేసుకొని, నింపి పంపే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అసలు అటువంటి ఫారం ఒకటి ఉందని, తాము దానికి అర్హులమని తెలిసినవారు ఎంతమంది? అడగందే అమ్మైనా పెట్టదని తెలుగు సామెత. పన్నుల శాఖలు ఏ దేశంలోనైనా ఆ సామెతను తు.చ. తప్పకుండా పాటించేవే.

2019 ఆగస్టు 14న మాత్రం ఐ.ఆర్.ఎస్. ఆ అలవాటు తప్పింది. అర్హత ఉండి కూడా మాఫీ కోరకుండానే రిటర్ను దాఖలు చేసినవారు నాలుగు లక్షల మందికి పైగా ఉన్నారని, వారెవరూ ఏ దరఖాస్తూ పెట్టుకోనక్కరలేకుండా తానే వారి ఖాతాలలో జరిమానాను రద్దు చేస్తానని ప్రకటించింది. అప్పటికే జరిమానా కట్టినవారికి సి.పి.21 అనే నోటీసు వస్తుందని, అది వచ్చిన సుమారు మూడు వారాలకు చెక్కు పోస్టులో వస్తుందని చెప్పింది. ఎవరు ఎంత కట్టారో, పన్ను ఎంతో, జనవరి 15 లోగా జమ అయినది ఎంతో, అన్నీ ఐ.ఆర్.ఎస్. కంప్యూటర్లలోనే ఉన్నాయి. తన దగ్గర ఉన్న లెక్కను తానే చూసుకొని తిరిగి ఇవ్వటంలో సాంకేతికంగా గొప్ప ఏమీ లేదు. గొప్ప అంతా నిర్ణయంలో ఉంది. పొరపాటుకు మూలం తన పట్టికలలోనే ఉన్నప్పుడు, దాన్ని సరిదిద్దే భారాన్ని పౌరుడి మీద వేయకూడదన్న నిర్ణయం అది. మాఫీ ప్రకటించడం కంటే, మాఫీ సంగతి తెలియనివాడికి కూడా దాన్ని చేర్చడమే న్యాయంలో పెద్ద భాగమని ఆ ఆగస్టు ప్రకటన ఒప్పుకున్నట్టయింది.

అయినా ఆ ఉపశమనంలో ఒక కరుకుదనం మిగిలిపోయింది. 80 శాతం కట్టినవారికి జరిమానా పూర్తిగా పోయింది. 79 శాతం కట్టినవారికి పిసరంత కూడా తగ్గలేదు. వారి జరిమానాను మళ్లీ 90 శాతం లెక్కనే గట్టారు. పైన చెప్పిన ఉద్యోగి జీతంలో 8,300కు బదులు 7,950 పట్టుకొని ఉంటే, తప్పు అదే పట్టికలదైనా, అతడికి ఏమీ దక్కేది కాదు. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదన్నది నిజమే. గీతను అందుకోలేకపోయినవారికి మెట్లు మెట్లుగా కొంత తగ్గించి ఉంటే సబబుగా ఉండేది.

2018 నాటిది ఒక ఏడాదికి పరిమితమైన ప్రత్యేక మాఫీ. చట్టంలో ఎప్పటికీ ఉండే మాఫీలు రెండు రకాలు. ప్రకృతి వైపరీత్యం, ప్రమాదం, లేదా మరేదైనా అసాధారణ పరిస్థితి వల్ల కట్టలేకపోయినప్పుడు, జరిమానా వేయటం న్యాయానికీ మనస్సాక్షికీ విరుద్ధమని తోస్తే మాఫీ చేయవచ్చు. 62 ఏళ్లు నిండాక పదవీ విరమణ చేసినవారికి, అంగవైకల్యం పొందినవారికి, ఆ ఏడాదిలోను దాని మరుసటి ఏడాదిలోను, సహేతుకమైన కారణం చూపితే మాఫీ దొరుకుతుంది. జీతంలో పన్ను పట్టుకోవటానికి అలవాటుపడిన మనిషి, పెన్షనులోకి రాగానే వాయిదాల లెక్క తెలియక తడబడతాడని చట్టం గ్రహించింది. ఈ రెండింటికీ 2210 అనే ఫారంలో మాఫీ కోరే గడిని నింపి, కారణాన్ని రాతపూర్వకంగా జతపరచాలి.

తుపానులు, కార్చిచ్చుల సమయంలో ఐ.ఆర్.ఎస్. మరో పని కూడా చేస్తుంది. అది మాఫీ కాదు, గడువునే తరువాతి తేదీకి జరపటం. 2023లో శీతాకాలపు వరదల కారణంగా కాలిఫోర్నియాలో అత్యధిక భాగానికి, తెలుగువారు వేల సంఖ్యలో ఉండే శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాలతో సహా, ఆ ఏడాది అంచనా పన్ను గడువులను మొదట మే నెలకు, తరువాత అక్టోబరుకు, చివరకు నవంబరు 16కు జరిపారు. కోవిడ్ మొదలైన 2020లో ఏప్రిల్, జూన్ వాయిదాలు రెండూ దేశమంతటా జూలై 15కు మారాయి. గడువే జరిగితే ఆలస్యమే లేదు, ఆలస్యం లేకపోతే జరిమానా ప్రశ్నే రాదు.

భారతదేశంలో పరిస్థితి ఇంకా బిగువుగా ఉంటూ వచ్చింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద అడ్వాన్స్ టాక్స్‌లో లోటు పడితే నెలకు ఒక శాతం వడ్డీ పడేది, అది తప్పనిసరి అని, పన్ను వివాదాలను పరిష్కరించే సెటిల్‌మెంట్ కమిషన్‌కు సైతం దాన్ని మాఫీ చేసే అధికారం లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2001లో తేల్చింది. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు మాత్రం సాధారణ ఉత్తర్వుల ద్వారా కొన్ని సందర్భాలలో మాఫీకి దారి ఇచ్చింది. ఖాతా పుస్తకాలు సోదాలలో శాఖ స్వాధీనం కావటం అటువంటి సందర్భం. వ్యాపార ఆదాయం లేని 60 ఏళ్లు దాటిన నివాసులకు అసలు అడ్వాన్స్ టాక్సే లేకుండా చేయటం, ఈ విషయంలో అమెరికా చట్టం కంటే భారతీయ చట్టం చూపిన పెద్దమనసు.

ఇక అమెరికాలో సంపాదిస్తున్న తెలుగువారికి, ఈ ప్రసంగం వింటున్న వారి తల్లిదండ్రుల ద్వారా చేరవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ఐ.ఆర్.ఎస్. నుంచి వచ్చిన ఏ కవరునూ తెరవకుండా పక్కన పడేయకూడదు. అందులో ఉన్నది కొత్త బాకీ కాక రావలసిన సొమ్ము కబురు కూడా కావచ్చు. ఎక్కువగా కట్టిన జరిమానాను తిరిగి కోరటానికి, మామూలుగా, రిటర్ను వేసిన నాటి నుంచి మూడేళ్లు లేదా డబ్బు కట్టిన నాటి నుంచి రెండేళ్లు, వీటిలో ఏది తరువాత ముగిస్తే అంతవరకు గడువుంది. జీతంలో పట్టుకున్న పన్నును, ఏ నెలలో పట్టుకున్నా సరే, ఏడాది పొడవునా సమానంగా కట్టినట్టే చట్టం లెక్కిస్తుంది. అందుచేత షేర్లు జమ అయినవారు, స్వదేశంలో డిపాజిట్లు ఉన్నవారు నవంబరులో ఒకసారి లెక్క చూసుకొని, లోటు కనిపిస్తే కొత్త డబ్ల్యూ-4 పత్రం ఇచ్చి, మిగిలిన జీతాలలో ఎక్కువ పట్టుకోమని యజమానిని కోరాలి. 2019 సంవత్సరపు పన్ను నుంచి 80 శాతం సడలింపు లేదు. 90 శాతం నియమమే తిరిగి అమలులో ఉంది.